పాత కారు సంరక్షణ: రిపేరుకు ముందు, రిపేరు తర్వాత

మా ఇంట్లో 2009 నాటి పెట్రోలు శాంత్రో ఉంది. ఒక మే నెల మధ్యాహ్నం హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్తుండగా, సూర్యాపేట దాటాక, ఎప్పుడూ సగం గీత దగ్గర నిలిచే టెంపరేచర్ ముల్లు పైకి కదలడం మొదలుపెట్టింది. ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పి, అద్దాలు దించి, వెంటనే రోడ్డు పక్కన ఒక వేపచెట్టు కింద బండి ఆపగలిగాను కాబట్టి ఇంజిన్ దక్కింది. మరుసటి రోజు ఒక షెడ్డులో చూపిస్తే అరగంటలో పని ముగించి, ఇక ఈ బండి వేడెక్కడమనేది ఉండదని చెప్పి పంపారు. వారన్నట్టే వేడెక్కలేదు. కానీ ఆ చలికాలం నుంచి ముల్లు సగానికి రావడానికే పది పన్నెండు కిలోమీటర్లు పట్టేది. లీటరుకు పదిహేను ఇచ్చే బండి పన్నెండుకు పడిపోయింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన వచ్చేది. ఏడాది తర్వాత మరొక మెకానిక్ విప్పి చూపించినప్పుడు థర్మోస్టాట్ ఉండవలసిన గూడు ఖాళీగా ఉంది. రేడియేటర్ ఫ్యాన్‌ను దాన్ని అవసరమైనప్పుడు వేసి ఆపే రిలే అనే స్విచ్చుతో సంబంధం లేకుండా ఇగ్నిషన్ వైరుకు నేరుగా కలిపి, నల్ల టేపు చుట్టి వదిలేశారు. ఆ టేపు ఇంజిన్ వేడికి మెత్తబడి జిగురు కారుతూ, లోపలి రాగి తీగ బయటికి కనిపిస్తోంది. మొదట చెడిపోయింది ఆ రిలే ఒక్కటే. అది కొన్ని వందల రూపాయల వస్తువు.

"మన ఎండలకు థర్మోస్టాట్ అక్కర్లేదు సార్" అనే మాట మన షెడ్లలో తరచుగా వినిపిస్తుంది. ఇది తప్పు. కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, 80, 90 డిగ్రీల మధ్యకు వచ్చేవరకు దాన్ని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపడం థర్మోస్టాట్ పని. అది లేకపోతే ఇంజిన్ తన పని వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది, అంతసేపూ బండిలోని కంప్యూటర్ ఇంజిన్ చల్లగా ఉందనుకుని ఎక్కువ పెట్రోలు చిమ్ముతుంది, కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగివేస్తుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరై పోయేంత వేడి పుట్టదు. పైకి సమస్య తీరినట్టే కనిపిస్తుంది, లోపల అరుగుదల మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

పాత కారును వయసు కన్నా ఎక్కువగా చెడగొట్టేవి ఇలాంటి అరకొర రిపేర్లేనని ఇన్నేళ్ల అనుభవంతో నమ్మకంగా చెప్పగలను. కారణం కనిపెట్టకుండా లక్షణాన్ని మాత్రమే మాయం చేసిన ప్రతి రిపేరూ తర్వాతి మెకానిక్‌ను తప్పుదారి పట్టిస్తుంది. అందువల్ల పాత బండి యజమాని చేయవలసిన పని రెండు భాగాలుగా ఉంటుంది: ఇంటి దగ్గర తాను చూసుకోగలిగినవి క్రమం తప్పకుండా చూసుకోవడం, షెడ్డులో జరిగే ప్రతి పనికీ లెక్క ఉంచుకోవడం. రెండో పనికి ఒక నోటుపుస్తకం చాలు. తేదీ, కిలోమీటర్ల రీడింగు, కనిపించిన లక్షణం, చేసిన పని, వేసిన పార్టు, చెల్లించిన డబ్బు, ఈ ఆరు వివరాలు ప్రతిసారీ అందులో రాసి, బిల్లును అదే పేజీకి పిన్ను కొట్టండి. ఒకే పార్టు రెండేళ్లలో మూడుసార్లు మార్చినట్టు ఆ పేజీల్లో కనిపిస్తే, ఆ పార్టును చెడగొడుతున్నది మరొకటేదో ఉందని అర్థం.

ఇంటి దగ్గర చూసుకోవలసినవి

అన్నిటికన్నా ముందు కూలెంట్. ఇంజిన్ పూర్తిగా చల్లారిన తర్వాత, అంటే పొద్దున్నే బండి తీయకముందు, రేడియేటర్ మూత విప్పి చూడాలి. వేడిగా ఉన్నప్పుడు ఆ మూత మీద చెయ్యి వేయకూడదు, ఎందుకంటే లోపల పీడనం కింద ఉన్న కూలెంట్ వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత వదులైన మరుక్షణం మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఆ పీడనాన్ని నిలిపేది మూతకు లోపల ఉండే రబ్బరు వాషరు, స్ప్రింగు. రబ్బరు పగిలితే పీడనం నిలవదు, మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది, ఎండాకాలం ఘాట్ రోడ్డు మీదో ట్రాఫిక్‌లోనో బండి పొంగుతుంది. రేడియేటర్ మార్చాలని ఎవరైనా చెబితే, ముందు మూత మార్చి చూడమని అడగడం న్యాయమైన కోరిక.

కూలెంట్ తగ్గినప్పుడు బోరు నీళ్లు పోయడం మన ప్రాంతాల్లో చాలామంది చేసే పొరపాటు. మన జిల్లాల్లో బోరు నీటిలో లవణాలు ఎక్కువ. ఇంట్లో గీజరు రాడ్డు మీద తెల్లగా పేరుకునే పొరే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది. కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలిపి పోయడమో, కలిపి అమ్మే డబ్బా కొనడమో చేయాలి. రంగు వేరైన రెండు రకాలను కలపవద్దు. దారిలో వేరే గతి లేక మామూలు నీళ్లు పోయవలసి వస్తే, ఇల్లు చేరిన వారంలో మొత్తం తీయించి కొత్తది నింపించండి. కూలెంట్ బయట ఎక్కడా కారకుండానే తరచుగా తగ్గుతుంటే, ఆయిల్ పోసే మూత లోపలివైపు చూడండి. పాలు కలిసిన కాఫీలాంటి మడ్డి మూతకు అంటుకుని ఉండి, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంటే, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయి ఉండవచ్చు. ఆ స్థితిలో బండి నడపకుండా లాగించుకుని వెళ్లడమే చౌక.

ఇంజిన్ ఆయిల్‌ను నెలకు రెండుసార్లు, సమతలంగా ఉన్న చోట, ఇంజిన్ ఆపిన కొన్ని నిమిషాల తర్వాత చూడాలి. కడ్డీ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీసినప్పుడు ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. పై గుర్తు దాటేలా పోయడం కూడా హానే. పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అప్పుడు మార్చించడం మన పెట్రోలు కార్లలో ఎక్కువ వాటికి సరిపోతుంది. బండి తక్కువ తిరిగినా ఏడాది నియమాన్ని వదలకండి.

బ్రేక్ ఆయిల్‌ను మన వాళ్లు దాదాపు మరిచిపోతారు. అది గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ బాగా చేరాక ఆ హద్దు 155 దగ్గరికి పడిపోవచ్చు. తిరుమల ఘాట్ దిగుతున్నప్పుడో అరకు నుంచి వస్తున్నప్పుడో వరుసగా బ్రేకు నొక్కవలసి వచ్చిన చోట ఆ ద్రవం మరిగి బుడగలు పుడితే, పెడల్ మెత్తగా అడుగు దాకా దిగిపోతుంది. రెండేళ్లకు ఒకసారి మొత్తం మార్పించండి. డబ్బాలో తగ్గినంత పైన పోసి మూసేయడం మార్చడం కాదు. నాలుగు చక్రాల దగ్గరా పాత ద్రవం బయటికి తీయాలి.

వాల్వులను సరైన సమయానికి తెరిచి మూయించే టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే దాని గడువును కారుతో వచ్చిన పుస్తకంలో చూసి నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. అది రబ్బరు, కాబట్టి కిలోమీటర్లు తిరగకపోయినా ఏళ్లకు ఎండిపోతుంది. తెగేముందు చప్పుడు చేసి హెచ్చరిస్తుందన్న భరోసా లేదు, తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు వంగిపోతాయి. మార్చేటప్పుడు బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగును కూడా అదే చేతితో మార్పించండి, లేకపోతే అది పోయిన రోజున అదే లేబర్ మళ్లీ కట్టవలసి వస్తుంది.

టైరు గోడ మీద చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019 సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే గాడిలో ఉండే గుర్తు దిమ్మెలు టైరు పైభాగంతో సమానమవుతాయి. గాడి బాగానే ఉన్నా గోడల మీద సన్న పగుళ్లు కనిపిస్తే హైవే మీదికి తీసుకుపోవద్దు. స్టెప్నీ తేదీని కూడా చూడండి, డిక్కీలో పడుకుని అది కూడా ముసలిదవుతుంది. బ్యాటరీకి చవక మల్టీమీటరు చాలు: రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. నడుస్తున్నప్పుడు కూడా పదమూడుకు చేరకపోతే లోపం బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ వైపు ఉంది. కొత్త బ్యాటరీ కొన్నా అది కూడా దిగిపోతుంది.

ఈ మధ్య పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిసి వస్తోంది. 2023కు ముందు తయారైన కార్లలో చాలావాటి రబ్బరు గొట్టాలు, సీళ్లు ఆ మిశ్రమాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా పెట్రోలు గొట్టాలను వేలితో నొక్కి చూడమని చెప్పండి. ఉబ్బినా, గట్టిపడినా, పగుళ్లు కనిపించినా మార్చడమే మేలు. పెట్రోలు వాసన క్యాబిన్‌లోకి వస్తే ఆ రోజే చూపించాలి.

షెడ్డుకు ఇచ్చే ముందు

షెడ్డుకు వెళ్లినప్పుడు మనం చేసే మొదటి తప్పు రోగం పేరు మనమే చెప్పడం. "క్లచ్ ప్లేటు పోయినట్టుంది, మార్చేయండి" అంటే మార్చేస్తారు. ఆ తర్వాత కూడా అదే ఇబ్బంది ఉంటే, మీరు అడిగిన పని చేశామని వారు చెప్పే మాటకు మీ దగ్గర జవాబు ఉండదు. "మూడో గేరులో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్ చప్పుడు పెరుగుతోంది, వేగం పెరగడం లేదు, పది నిమిషాలు నడిచాక ఎక్కువవుతోంది" అని చెప్పండి. చప్పుడు సంగతి అయితే ఎప్పుడు వస్తుంది, ఏ వేగంలో, స్టీరింగు ఎటు తిప్పితే, బ్రేకు నొక్కితే ఆగుతుందా పెరుగుతుందా అన్నది రాసుకుని వెళ్లండి. ఫోనులో రికార్డు చేస్తే మరీ మంచిది. వీలైతే మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ చప్పుడు వచ్చే రోడ్డు మీద ఒకసారి తిప్పండి. ఈ పది నిమిషాలు కేటాయించడానికి ఇష్టపడని షెడ్డుకు బండి ఇవ్వకపోవడమే నా సలహా.

2013 ఏప్రిల్ తర్వాత తయారైన కారు అయితే స్టీరింగు కింద ఉండే సాకెట్‌కు చిన్న బ్లూటూత్ స్కానర్ తగిలించి, ఫోనులో లోపం కోడు చూసుకోవచ్చు. షెడ్డులో దాన్ని చెరిపేయకముందే ఫొటో తీసి ఉంచుకోండి. కోడు ఏ వైపు వెతకాలో చెబుతుంది తప్ప ఏ పార్టు మార్చాలో చెప్పదు. ఆక్సిజన్ సెన్సార్ పేరు చూపించిన కోడుకు చీలిన వాక్యూమ్ గొట్టం కారణమైన సందర్భాలు ఉంటాయి.

అంచనా కాగితం మీద ఉండాలి. చిన్న షెడ్డులో చేయవలసిన పనులు రాసే జాబ్ కార్డు ఉండదు, అందులో తప్పేమీ లేదు. మీరే వాట్సాప్‌లో "ఫలానా పని, పార్టుకు ఇంత, లేబర్ ఇంత, ఇంతకు మించి ఏదైనా చేయాలంటే ముందు నన్ను అడగాలి, తీసిన పాత పార్టులు నాకు ఇవ్వాలి" అని పంపి, సరేనన్న జవాబు తీసుకోండి. ఈ ఒక్క సందేశం తర్వాత వచ్చే తగాదాల్లో చాలావాటిని ముందే ఆపుతుంది. బండి వదిలేముందు కిలోమీటర్ల రీడింగు, పెట్రోలు ముల్లు, నాలుగు వైపులా బాడీ, స్టెప్నీ, జాకీ, వీలైతే బ్యాటరీ మీది నంబరు ఫొటోలు తీయండి. మార్చబోయే పార్టు మీద గోళ్ల రంగుతో కనిపించని చోట చిన్న చుక్క పెడితే, పాతదాన్నే కడిగి బిగించారా లేదా అన్నది తేలికగా తెలుస్తుంది.

పార్టులను మీరే కొనాలా, షెడ్డు వారినే తెమ్మనాలా అన్నదానికి నా సమాధానం ఇది: భద్రతకు సంబంధించిన బ్రేక్ ప్యాడ్లు, స్టీరింగు పార్టులు, బెల్టులు, బేరింగులు కంపెనీ అధీకృత కౌంటరులో బిల్లుతో కొనండి. విజయవాడ ఆటోనగర్‌లోనూ సికింద్రాబాదు రాణిగంజ్‌లోనూ పాత మోడళ్లకు దొరకనిదంటూ దాదాపు ఉండదు, కానీ పెట్టె కంపెనీది, లోపలి వస్తువు మరొకరిది అయిన సరుకు కూడా మార్కెట్లో తిరుగుతుంది. పెట్టె మీద పార్టు నంబరు, గరిష్ఠ ధర, తయారీ నెల ఉన్నాయా, ఆ నంబరు పాత పార్టు మీది నంబరుతో కలుస్తోందా చూడండి. మీరు తెచ్చిన పార్టు చెడిపోతే షెడ్డు బాధ్యత తీసుకోదన్నది కూడా ముందే ఒప్పుకోవలసిన మాట.

మంచి మేస్త్రీలు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. వారిలో చాలామందిని అరకొర పనిలోకి నెట్టేది "ఎలాగోలా తక్కువలో నడిచేలా చేసిపెట్టు" అనే మన మాటే. పని సరిగ్గా చేయమని, దానికి తగిన లేబర్ ఇస్తామని ముందే చెప్పాలి. బేరం ఆడదలిస్తే పని మొదలయ్యే ముందే ఆడాలి.

తిరిగి తీసుకునేటప్పుడు, పని చెడినప్పుడు

డబ్బు ఇచ్చే ముందు పాత పార్టులు చేతికి తీసుకుని చూడండి, బానెట్ ఎత్తించి ఏ పని ఎక్కడ చేశారో చూపించమనండి, ఆ తర్వాత మొదట ఇబ్బంది కనిపించిన పరిస్థితిలోనే బండి నడిపి చూడండి. వేడెక్కే సమస్య అయితే ఇంజిన్‌ను ఆగి ఉన్నచోటే నడుస్తూ ఉంచి, ఫ్యాన్ దానంతట అది తిరిగి, మళ్లీ ఆగేదాకా నిలబడండి. తాళం తిప్పగానే తిరగడం మొదలుపెట్టి ఎప్పటికీ ఆగని ఫ్యాన్ మా బండికి చేసినట్టు నేరుగా కలిపిన ఫ్యాన్ అయి ఉంటుంది. ఆయిల్ మార్పిస్తే మరుసటి పొద్దున్న బండి కింద అట్టముక్క పరచి చుక్కలు పడ్డాయేమో చూడండి. ఒకసారి మా ఆయిల్ చాంబర్ నట్టును అతిగా బిగించి థ్రెడ్ పోగొట్టారు. సంగతి చెప్పకుండా చుట్టూ ఎం-సీల్ మెత్తి, పైన నల్ల రంగు పూశారు. అట్ట మీద రూపాయి బిళ్లంత మరక పడకపోతే నాకు తెలిసేదే కాదు. చక్రాలు విప్పిన పని ఏదైనా అయితే నట్లను చేతి పానాతో ఒకసారి మీ ముందే వదులు చేసి బిగించమనండి. గాలి గన్నుతో బిగించి వదిలేసిన నట్టు పంచరైన రాత్రి రోడ్డు మీద మీ జాకీ పానాకు లొంగదు.

పని చెడిందని తెలిశాక మొదట చేయవలసింది దాన్ని కదిలించకుండా ఫొటోలు, వీడియో తీయడం. కోపంతో వెంటనే మరో చోట విప్పించేస్తే సాక్ష్యం పోతుంది. అదే షెడ్డుకు తీసుకుపోయి, నెమ్మదిగా, బిల్లూ ఫొటోలూ చూపించి, సరిచేయడానికి ఒక అవకాశం ఇవ్వండి. ఎక్కువ వ్యవహారాలు ఇక్కడే తీరిపోతాయి. మా ఆయిల్ నట్టు విషయంలో ఆ షెడ్డు యజమాని కొత్త చాంబర్ ఖర్చు సగం పెట్టుకుని, లేబర్ తీసుకోకుండా బిగించాడు. ఒప్పుకోకపోతే మరొక మెకానిక్ చేత లోపమేమిటో, సరిచేయడానికి ఎంత అవుతుందో కాగితం మీద రాయించుకుని, పదిహేను రోజుల గడువుతో షెడ్డుకు స్పీడ్ పోస్టులోనో ఈమెయిల్‌లోనో లేఖ పంపండి.

బిల్లు మీద తగాదా ఉన్నప్పుడు డబ్బు కట్టకుండా బండి తెచ్చుకోవాలని చూడకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, తన శ్రమనూ నైపుణ్యాన్నీ పెట్టి వస్తువు మీద పని చేసిన వ్యక్తికి, వేరే ఒప్పందం లేనప్పుడు, న్యాయమైన ప్రతిఫలం అందేదాకా ఆ వస్తువును ఉంచుకునే హక్కు ఉంది. బిల్లు రెండు కాపీల మీదా "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి, సంతకం చేసి, బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో కట్టి బండి తీసుకోండి. నగదు ఇచ్చి బిల్లు వద్దంటే వచ్చే చిన్న తగ్గింపు కోసం ఈ ఆధారాన్ని వదులుకోకూడదు.

లేఖకు జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడా తీరకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవా లోపమని జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. లోపం జరిగిన రెండేళ్లలోపు వెళ్లాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. అక్కడ గెలిపించేవి బిల్లు, వాట్సాప్ సందేశం, రెండో మెకానిక్ రాసిచ్చిన కాగితం, మీ నోటుపుస్తకంలోని కిలోమీటర్ల లెక్క. చేసిన పని తర్వాత బండి ఎంత తిరిగిందో తేల్చి చెప్పగలగడం చాలా బలమైన ఆధారం.

ఎంతవరకు ఖర్చు పెట్టాలి

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. గడువు ముగియడానికి 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి ఈ పునరుద్ధరణ ఫీజు కారుకు 5,000 రూపాయలు, 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. రాష్ట్రం వేసే హరిత పన్ను అదనం. పెద్ద ఖర్చులను ఈ తేదీకి ముందో తర్వాతో ఎప్పుడు పెట్టాలో దీన్నిబట్టి నిర్ణయించుకోవాలి. తనిఖీకి రెండు నెలల ముందే లైట్లు, హారన్, హ్యాండ్ బ్రేకు, టైర్లు, పొల్యూషన్ చూసుకుంటే చివరి వారంలో ఎవరు ఎంత అడిగితే అంత ఇచ్చే పరిస్థితి రాదు.

ఇంజిన్, గేరుబాక్సు, ఏసీ ఏది పోయినా పాత కారులో మార్చుకోవచ్చు. తుప్పు విషయం వేరు. విశాఖ, కాకినాడ వంటి సముద్ర తీరపు ఊళ్లలో ఉన్న బండికి ఇది మరీ ముఖ్యం. ముందు అద్దం కింద ఆకులు చేరే గాడినీ, తలుపుల అడుగున నీళ్లు పోయే రంధ్రాలనూ వానాకాలానికి ముందు శుభ్రం చేస్తే సగం తుప్పు రాకుండానే ఆగుతుంది. వచ్చిందేమో చూడడానికి బండిని లిఫ్ట్ మీద ఎత్తించి, తలుపుల కింద నడిచే దూలాలు, ముందు షాకబ్జర్లు బిగించిన గుమ్మటాలు, వెనక యాక్సిల్ పట్టుకునే చోట్లు, ఈ మూడింటినీ స్క్రూడ్రైవర్ పిడితో తట్టి, మొనతో నొక్కి చూడాలి. ఖంగుమని మోగితే మరో ఐదేళ్ల ఖర్చు పెట్టవచ్చు. డొల్లగా పలికి మొన లోపలికి దిగితే, ఎంత నున్నగా డెంటింగ్ పెయింటింగ్ చేయించినా ఆ బాడీ ప్రమాదంలో మనుషులను కాపాడలేదు. ఆ కారుకు ఇక కొత్త క్లచ్ వేయించవద్దు, స్క్రాప్ కేంద్రంలో ఇచ్చి, బండిని తుక్కుకు అప్పగించినట్టు రుజువుగా ఇచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి.